బూగెరో బతుకు, పని, ఆయన మీద వచ్చిన తగాదా

మీరు అడిగింది ఇదీ: విలియం-అడాల్ఫ్ బూగెరో బొమ్మలు ఫోన్లో రోజూ కనిపిస్తున్నాయి, కింద వేలమంది "ఇంతకంటే గొప్ప పెయింటర్ లేడు" అంటున్నారు. కానీ కాలేజీలో చదివిన కళాచరిత్ర పుస్తకంలో ఆయన ఊసు ఒక్క వాక్యంలో, అదీ ఇంప్రెషనిస్టులకు (వెలుగుని విడివిడి కుంచె గుర్తులతో పట్టుకున్న ఆ కాలపు కొత్త తరహా చిత్రకారులకు) అడ్డుపడిన పాతకాలపు మనిషిగా ముగిసింది. ఈ రెంటిలో ఏది నిజం, అసలు ఆయన ఎవరు, ఎలా పనిచేశాడు అని.

ఆయిల్ పెయింటింగ్ నేర్పే పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను. బూగెరో డ్రాయింగులు నా క్లాసులో ఎప్పుడూ గోడకు ఉంటాయి. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఆయన్ని దేవుణ్ణి చేసేవాళ్లూ, దుర్మార్గుణ్ణి చేసేవాళ్లూ ఒక సంగతి వదిలేస్తున్నారు. బూగెరో పరీక్షలు రాసి, ర్యాంకులు తెచ్చుకుని, పతకాలు గెలిచి పైకొచ్చిన మనిషి. ఆయన బలమూ, ఆయన లోపమూ రెండూ ఆ దారిలోంచే వచ్చాయి.

ఆయన 1825 నవంబర్ 30న ఫ్రాన్స్ పడమటి తీరంలోని లా రొషెల్ అనే రేవు పట్నంలో పుట్టాడు. తండ్రిది మొదట వైన్ వ్యాపారం, తర్వాత ఆలివ్ నూనె వ్యాపారం. ఏదీ పెద్దగా కలిసిరాలేదు. పన్నెండేళ్ల వయసులో పిల్లవాణ్ణి బాబాయి యూజీన్ దగ్గరికి పంపేశారు. ఆయన మోర్తాన్య్ అనే ఊళ్లో చర్చి ఫాదర్. బూగెరోకి పుస్తకాలన్నా, పురాణకథలన్నా, పల్లెటూరన్నా ఇష్టం కలిగింది ఆ ఇంట్లోనే. బాబాయే పోన్స్ ఊళ్లో బడికి పంపాడు. అక్కడ డ్రాయింగ్ నేర్పిన లూయీ సాజ్, ఫ్రెంచి అకడమిక్ చిత్రకళకు, అంటే ప్రభుత్వ కళాశాల నియమాల ప్రకారం నునుపుగా వేసే పద్ధతికి, మూలస్తంభం లాంటి ఆంగ్ర్ దగ్గర చదువుకున్నవాడు. అంటే మారుమూల బడిలోనే అబ్బాయి చేతికి అసలైన గీత అందింది.

1841లో కుటుంబం బోర్డోకి మారింది. తండ్రి దృష్టిలో కొడుకు వ్యాపారం చూసుకోవాలి. అందుకని అబ్బాయి మునిసిపల్ డ్రాయింగ్ స్కూలుకి వెళ్లడం, వచ్చి తండ్రి లెక్కలు చూడడం. జామ్ సీసాల మీద అంటించే లేబుళ్లకు రంగులు వేసి నాలుగు డబ్బులు సంపాదించాడు. 1844లో ఆ స్కూల్లో మొదటి బహుమతి వచ్చాక ఇక పారిస్ వెళ్లాల్సిందే అనుకున్నాడు, కానీ చేతిలో పైసా లేదు. మళ్లీ బాబాయే ఆదుకున్నాడు. తన చుట్టుపక్కల ఊళ్లవాళ్లతో మాట్లాడి పోర్ట్రెయిట్లు ఇప్పించాడు. మూడు నెలల్లో 33 పోర్ట్రెయిట్లు వేసి 900 ఫ్రాంకులు కూడబెట్టి అబ్బాయి పారిస్ బండెక్కాడు. ఆ పోర్ట్రెయిట్లు గొప్పవేమీ కావు. కానీ గడువులోగా పని పూర్తి చేసి, డబ్బు పెట్టినవాడికి నచ్చేలా అప్పగించడం అనే అలవాటు అక్కడే మొదలైంది. అది చచ్చేదాకా పోలేదు.

పారిస్‌లో పికో అనే గురువు స్టూడియోలో చేరి 1846లో ఎకోల్ దె బోజార్ అనే ప్రభుత్వ కళాశాల ప్రవేశపరీక్ష రాశాడు. వందమందిని తీసుకుంటే ఈయనది 99వ స్థానం. ఈ ముక్క నా స్టూడెంట్లకు తప్పకుండా చెప్తాను.

ఆ స్కూలు అప్పట్లో ఎలా నడిచేదో తెలియకపోతే బూగెరో అర్థం కాడు. అక్కడ అన్నిటికీ పోటీయే. అందరికంటే పెద్దది ప్రి ద రోమ్. ఒకే కథ అందరికీ ఇస్తారు. బైబిల్లోంచో, గ్రీకు రోమన్ చరిత్రలోంచో. అభ్యర్థిని విడి గదిలో కూర్చోబెట్టి ముందు ఒక స్కెచ్ వేయిస్తారు. తర్వాత రెండు నెలలకు పైగా అదే గదిలో పెద్ద చిత్రం పూర్తి చేయాలి. మొదటి స్కెచ్ నుంచి పక్కకు జరగడానికి వీల్లేదు. గెలిస్తే ప్రభుత్వ ఖర్చుతో రోములోని విల్లా మెదిచీలో ఉండి చదువుకోవచ్చు, తిరిగొచ్చాక ప్రభుత్వ ఆర్డర్లు వాటంతటవే వస్తాయి. ఓడితే మళ్లీ వచ్చే ఏడాదే. మనలో సివిల్స్‌కి ప్రిపేరయ్యేవాళ్ల ఇళ్లలో ఉండే టెన్షన్ ఉంటుంది చూడండి, ఆ కుర్రాళ్లదీ అదే.

1848లో ఆయనకు రెండో బహుమతి వచ్చింది. 1849లో ఏమీ రాలేదు. 1850లో, అరాక్సీస్ నది ఒడ్డున పశువుల కాపరులు జెనోబియా రాణిని కనుగొన్న ఘట్టం వేసి రోము బహుమతి దక్కించుకున్నాడు. ఆ ఏడాది పోల్ బోద్రీ అనే తోటి అభ్యర్థితో పాటు ఈయనకూ ఇచ్చారు.

అదే ఏడాది వేసిన ఇంకో బొమ్మ గురించి కాస్త ఆగి చెప్పాలి: "నరకంలో దాంతే, వర్జిల్". ఇటలీ కవి దాంతే తన కావ్యంలో, పాతకాలపు రోమన్ కవి వర్జిల్ వెంట నరకం చూసే ఘట్టం అది. ఇప్పుడు పారిస్‌లోని ఓర్సే మ్యూజియంలో ఉంది. దాదాపు తొమ్మిదడుగుల ఎత్తు. మధ్యలో నగ్నంగా ఇద్దరు మగవాళ్లు పెనుగులాడుతున్నారు. ఒకడు రెండోవాడి వీపులో మోకాలు గుచ్చి, వెనక్కి విరిచి, మెడ కొరుకుతున్నాడు. వేళ్లు చర్మంలో ఎక్కడ దిగుతున్నాయో చూడండి. గోళ్ల కింద మాంసం ముడుచుకుని, చుట్టూ ఉన్న చర్మం లాగినట్టు సాగింది. పాతికేళ్లు నిండని కుర్రాడు వేసిన చెయ్యి అది. పక్కన దాంతే భయంతో వర్జిల్‌కి దగ్గరగా జరిగి నిలబడ్డాడు, వెనక రెక్కల పిశాచం చేతులు కట్టుకుని నవ్వుతోంది. బూగెరో అంటే గులాబీ రంగు మన్మథులు మాత్రమే అనుకునేవాళ్లకు నేను ముందు ఈ బొమ్మే చూపిస్తాను. శరీరంలో ఇంత హింస ఆయన తర్వాత అరుదుగానే వేశాడు. అది కొనేవాళ్లు లేరన్న సంగతి ఆయనకు తొందరగానే అర్థమైంది.

రోములో 1851 నుంచి 1854 దాకా ఉన్నాడు. తోటివాళ్లు ఆయనకు సిసిఫస్ అని పేరు పెట్టారు, కొండమీదికి రాయి దొర్లిస్తూనే ఉండే గ్రీకు పురాణపురుషుడి పేరు. ఇటలీ చిత్రకారుడు రాఫెల్ వేసిన గలాటియాకి నకలు వేశాడు. అసిసీలో జొట్టో కుడ్యచిత్రాల ముందు కూర్చుని గీసుకున్నాడు. తిరిగొచ్చాక, సిసీలియా అనే క్రైస్తవ అమరురాలి దేహాన్ని భూగర్భ సమాధులకు మోసుకెళ్తున్న పెద్ద చిత్రం పేరు తెచ్చింది, ప్రభుత్వం కొనుక్కుంది. ధనికుల భవనాల్లో గోడలకూ కప్పులకూ బొమ్మలు వేసే పనులూ వచ్చాయి.

కానీ అమరుల బొమ్మలు డ్రాయింగ్ రూముల్లో పెట్టుకునేవాళ్లు ఎవరు? చిత్రాల వ్యాపారి పోల్ దురాన్-రుయెల్ ద్వారా ఆయనకు మార్కెట్ ఏం కోరుతుందో తెలిసింది. తల్లీబిడ్డలు, అక్కాతమ్ముళ్లు, పల్లెపిల్లలు. (తర్వాతి కాలంలో ఇంప్రెషనిస్టులైన మోనె, రెన్వార్‌లను నిలబెట్టిన వ్యాపారి ఈయనే. కళాచరిత్రని రెండు శత్రుశిబిరాలుగా చెప్పే పుస్తకాలు ఈ సంగతి మీద ఎక్కువ ఆగవు.) 1866 నుంచి చిత్రాలు అమ్మే గూపిల్ కంపెనీ బూగెరో చిత్రాలు తీసుకోవడం మొదలుపెట్టింది. గూపిల్ అసలు బొమ్మ అమ్మడమే కాదు, దాని ముద్రిత ప్రతులు కూడా దేశదేశాల్లో అమ్మేవాడు. అంతర్యుద్ధం ముగిశాక అమెరికాలో కొత్తగా డబ్బు చేసిన కుటుంబాలు బూగెరో కోసం ఎగబడ్డాయి. విదేశీ చిత్రాల మీద అమెరికా 1883లో దిగుమతి సుంకం 30 శాతానికి పెంచినా ఆయన బొమ్మలు ఆ దేశం పోతూనే ఉన్నాయి.

ఆ కాలంలో చిత్రకారుడి భవిష్యత్తు తేలేది సలోన్‌లో. ఏటా పారిస్‌లో జరిగే అధికారిక ప్రదర్శన అది. వేలాది చిత్రాలు నేల నుంచి కప్పుదాకా గోడల నిండా. జ్యూరీ ఒప్పుకుంటేనే లోపలికి. లోపలికి వచ్చినా కంటి ఎత్తులో వేలాడదీస్తే ఒక బతుకు, కప్పుకింద వేలాడదీస్తే ఇంకో బతుకు. బూగెరో ఆ వ్యవస్థలో ఒక్కో మెట్టూ ఎక్కాడు. 1876లో అకాడమీ సభ్యుడయ్యాడు, 1885లో సలోన్ గౌరవ పతకం అందుకున్నాడు, 1888లో తాను 99వ ర్యాంకుతో చేరిన స్కూల్లోనే ప్రొఫెసర్ అయ్యాడు. జ్యూరీలో కూర్చున్నాడు కూడా. కొత్త తరహా చిత్రాలను బయట నిలబెట్టిన వర్గం ఆయనదే. కొత్త తరహా చిత్రకారుల్లో ఒకడైన సెజాన్ ఆ ప్రదర్శనని బూగెరో గారి సలోన్ అనేవాడు. ఆ కోపానికి కారణం ఉంది. జ్యూరీ తోసిపుచ్చితే కుర్రవాడికి ఆ ఏడాది తిండి గడవడం కష్టం. బూగెరోని ఎంత ఇష్టపడినా ఈ విషయంలో ఆయన్ని వెనకేసుకురాను.

అదే మనిషి, ఇబ్బందుల్లో ఉన్న కళాకారులను ఆదుకునేందుకు బారన్ టైలర్ పెట్టిన సంఘానికి 1883 నుంచి అధ్యక్షుడిగా పనిచేశాడు. అకాడమీ జూలియాన్ అనే ప్రైవేటు కళాశాలలో ఏళ్ల తరబడి అమ్మాయిలకు పాఠం చెప్పాడు. ప్రభుత్వ స్కూలు ఆడవాళ్లకు 1897 దాకా తలుపు తీయలేదు. అప్పటిదాకా మోడల్‌ని ఎదురుగా పెట్టుకుని గీయడం నేర్చుకోవాలనుకున్న అమ్మాయిలకు పారిస్‌లో ఉన్న కొద్ది చోట్లలో జూలియాన్ ఒకటి. ఫీజు మాత్రం మగవాళ్లకంటే ఎక్కువ కట్టించుకునేవాళ్లు. సిసీలియా బో అక్కడ చదివింది. మగవాళ్లలో లోవిస్ కొరింత్, రాబర్ట్ హెన్రీ ఉన్నారు. తర్వాత ఆధునిక చిత్రకళలో పెద్ద పేరైన మతీస్ కూడా 1891లో వచ్చి చేరాడు, ఎక్కువకాలం నిలవలేదు. అతనికి పర్‌స్పెక్టివ్ (దగ్గర, దూరాలను చదునైన కాగితం మీద చూపే పద్ధతి) రాదన్నాడు బూగెరో. తన పాత బొమ్మకి తానే నకలు వేసుకుంటున్న గురువుని చూసి తనకు విసుగు పుట్టిందని మతీస్ తర్వాత చెప్పుకున్నాడు. ఇద్దరిదీ తప్పు కాదు. ఒకరు నేర్పగలిగింది ఇంకొకరికి అక్కర్లేదు, అంతే.

ఇక ఇంటి సంగతి. చాలామంది దీన్ని వదిలేసి బొమ్మల గురించి మాట్లాడతారు. నెల్లీ మోంషాబ్లోన్‌తో 1856 నుంచి కలిసి బతికాడు, 1866లో పెళ్లి రిజిస్టర్ అయింది. ఐదుగురు పిల్లలు. 1866లో జాన్ అనే కూతురు పోయింది. 1875లో పదహారేళ్ల కొడుకు జార్జ్ పోయాడు. 1877లో నెల్లీ పోయింది, ఆ వెంటనే చంటిబిడ్డ పోయాడు. 1900లో ఇంకో కొడుకు పోల్. ఐదుగురిలో తండ్రి తర్వాత బతికింది ఆంరియెత్ ఒక్కతే.

జార్జ్ పోయిన మరుసటి ఏడాది "పియెతా" వేశాడు. నల్లబట్టల మేరీ, ఒళ్లో కొడుకు శవం, చుట్టూ దేవదూతలు. మేరీ కళ్లు ఏడ్చి ఏడ్చి ఎర్రబడ్డాయి, కనురెప్పల అంచులు కూడా. అవి ఆకాశం వైపు కాదు, నేరుగా మనవైపు చూస్తున్నాయి. అకడమిక్ చిత్రాల్లో మేరీ ఏడుపు సాధారణంగా అందంగా ఉంటుంది. ఇక్కడ అలా లేదు. నెల్లీ పోయిన ఏడాది వేసిన "ఓదార్చే కన్య"లో, బిడ్డను పోగొట్టుకున్న తల్లి మేరీ ఒళ్లో బోర్లా పడిపోయింది. మేరీ చేతులు పైకెత్తి ప్రార్థిస్తోంది. కింద నేలమీద పసిబిడ్డ శవం. ఆ తల్లి మొహం మనకు కనిపించదు. మొహాలు వేయడంలో అంత నేర్పరి ఇక్కడ మొహాన్ని దాచి, మొత్తం బరువుని ఆ ఒంటి వాలులో పెట్టాడు. ఆ బొమ్మ స్ట్రాస్‌బర్గ్ మ్యూజియంలో ఉంది. 1888 నాటి "తొలి శోకం"లోనూ ఇదే కనిపిస్తుంది. బైబిల్లో తొలి మనుషులైన ఆదాము, హవ్వల కొడుకు హేబెలు శవం ఆదాము ఒళ్లో, చేతుల్లో మొహం దాచుకున్న హవ్వ, తన గుండె మీద చెయ్యి నొక్కుకున్న ఆదాము. అది బ్యూనస్ ఐరిస్‌లో ఉంది. బూగెరోలో ఏడుపు లేదు, అంతా నునుపే అనేవాళ్లు ఈ మూడూ చూడాలని నా మనవి.

రెండో పెళ్లి కథ వేరు. ఎలిజబెత్ గార్డ్‌నర్ అమెరికా నుంచి వచ్చిన చిత్రకారిణి. ఆడవాళ్లను రానివ్వని డ్రాయింగ్ క్లాసుకు మగదుస్తులు వేసుకుని వెళ్లిన మనిషి, సలోన్‌లో పతకం అందుకున్న తొలి అమెరికన్ మహిళ. 1879లో ఇద్దరూ పెళ్లి చేసుకోవాలనుకున్నారు. బూగెరో తల్లి ససేమిరా అంది. ఆవిడ తొంభై ఒక్క ఏళ్లు బతికింది. 1896లో ఆవిడ పోయాకే పెళ్లి జరిగింది. అప్పటికి వరుడికి డెబ్భై.

పని పద్ధతి గురించి అడిగారు కాబట్టి చెప్తాను. కాగితం మీద చిన్న చిన్న స్కెచ్‌లలో బొమ్మ కూర్పు తేల్చుకునేవాడు. తర్వాత రంగుల స్కెచ్ ఒకటి. తర్వాత మోడల్‌ని పెట్టి తల విడిగా, చేతులు విడిగా, బట్టల మడతలు విడిగా గీసేవాడు. ఇవన్నీ కలిపి అసలు సైజులో కార్టూన్ (కాన్వాసంత పెద్ద కాగితపు డ్రాయింగ్), దాన్ని కాన్వాసు మీదకు దింపుకోవడం, అప్పుడు రంగు. అంటే కుంచె కాన్వాసుకి తగిలేసరికి కష్టమైన నిర్ణయాలన్నీ అయిపోయేవి. ఆయన చర్మం అంత సజీవంగా ఎందుకుంటుందని స్టూడెంట్లు అడుగుతారు. వెలుగుకీ నీడకీ మధ్యలో వచ్చే పలుచని చల్లటి బూడిద రంగే కారణం. మనవాళ్లు వెలుగు వేస్తారు, నీడ వేస్తారు, మధ్యదాన్ని రెండూ కలిపి రుద్దేస్తారు, చర్మం మైనంలా తయారవుతుంది. బూగెరో ఆ మధ్యభాగాన్ని విడి రంగుగా కలిపి పెట్టుకునేవాడు. చెక్కిలి దగ్గర, మోచేతి మడత దగ్గర, అరిపాదం అంచున జూమ్ చేసి చూస్తే తెలుస్తుంది.

తెల్లవారితే స్టూడియో, చీకటిపడి రంగులు కనపడకపోతేనే ఆపడం. పారిస్‌లోని మోంపర్నాస్ పేటలో నోత్రదామ్ దె షాంప్ వీధిలో ఇల్లూ స్టూడియో ఒకేచోట. ఎండాకాలంలో లా రొషెల్. ఇలా ఎనిమిది వందలకు పైగా చిత్రాలు.

ఇప్పుడు లోపం. ఆయన చిత్రంలో ప్రతి అంగుళమూ ఒకే స్థాయిలో పూర్తయి ఉంటుంది. కన్ను ఎంత పూర్తయిందో కాళ్లకింద గులకరాయీ అంతే. చూసేవాడికి వదిలిపెట్టింది ఏమీ ఉండదు. పల్లెపిల్లలు చెప్పుల్లేకుండా మట్టిలో నిలబడి ఉంటారు, పాదాలకు మట్టి అంటదు. 1870లలో ఫ్రెంచి పల్లెల్లో కూలికి పోయే పిల్ల పాదం అలా ఉండదని అందరికీ తెలుసు, కొనేవాడికీ తెలుసు. ఆయన పేదరికాన్ని కడిగి, ఉతికి, డ్రాయింగ్ రూముకి పంపాడు. మన్మథుల గుంపులు నాకు అసలు నచ్చవు. 1884 నాటి "బాకస్ యౌవనం" (బాకస్ అంటే రోమన్ల మద్యదేవుడు) ఇరవై అడుగుల వెడల్పు, అంతమంది నృత్యం చేస్తున్నా ఒక్కరికీ చెమట పట్టినట్టుండదు. అది ఆయన బతికుండగా అమ్ముడుపోలేదు, తరతరాలుగా ఆ కుటుంబంతోనే ఉండిపోయింది. 2019లో న్యూయార్క్ వేలానికి వచ్చినా ఎవరూ కొనలేదు.

పరీక్షలో నెగ్గినవాడు పరీక్ష పెట్టేవాడి కన్నుని జీవితాంతం తన లోపల మోస్తాడు. బూగెరో తడబాటు కనపడనివ్వలేదు. తర్వాతి తరం మాత్రం ఆ తడబాటునే, కుంచె గుర్తునే, పూర్తికాని అంచునే ప్రేమించింది. 1905 వసంతంలో ఆయన పారిస్ ఇంట్లో దొంగలు పడ్డారు, అప్పటికే గుండెజబ్బు. ఆగస్టు 19న లా రొషెల్‌లో పోయాడు. మోంపర్నాస్ శ్మశానంలో నెల్లీ పక్కన పూడ్చారు. ఆ తర్వాత కొద్ది దశాబ్దాల్లో ఆయన బొమ్మలు మ్యూజియం గోడల మీంచి గోడౌన్లలోకి వెళ్లిపోయాయి, ధరలు పడిపోయాయి. మీ పుస్తకంలో ఆ ఒక్క వాక్యం ఆ కాలం నాటిది.

ఒక బొమ్మ ప్రయాణం చూస్తే ఈ ఎత్తుపల్లాలు తెలుస్తాయి. 1873 సలోన్‌లో పెట్టిన "వనకన్యలు, సాటిర్"లో నలుగురు కన్యలు మేకకాళ్ల సాటిర్‌ని నీళ్లలోకి లాగుతుంటారు. దాన్ని జాన్ వోల్ఫ్ అనే అమెరికన్ కొన్నాడు. తర్వాత న్యూయార్క్ హాఫ్‌మన్ హౌస్ హోటల్ బార్‌లో వేలాడింది. తాగేవాళ్లు ఎదురుగా ఉన్న అద్దంలోంచి దాన్ని చూసేవాళ్లు. 1901 తర్వాత గోడౌన్‌లోకి చేరింది. కుర్రతనంలో ఆ బార్‌లో చూసిన రాబర్ట్ స్టెర్లింగ్ క్లార్క్ దాన్ని వెతికి పట్టుకుని 1942లో కొన్నాడు. ఇప్పుడు మసాచుసెట్స్‌లో క్లార్క్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉంది. 1984-85లో పారిస్, మాంట్రియల్, హార్ట్‌ఫర్డ్‌లలో జరిగిన పెద్ద ప్రదర్శన తర్వాతే ఆయన పేరు మళ్లీ గౌరవంగా వినపడింది.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఒక సౌకర్యం ఉంది. అప్పట్లో అక్కడివాళ్లు అంతగా కొన్నందుకు ఆయన చిత్రాలు ఆ దేశంలో చాలా నగరాల్లో ఉన్నాయి. హ్యూస్టన్ ఫైన్ ఆర్ట్స్ మ్యూజియంలో 1869 నాటి "అక్క" ఉంది, నిద్రపోతున్న తమ్ముణ్ణి ఒళ్లో పెట్టుకున్న పిల్ల. షికాగోలో, క్లీవ్‌లాండ్‌లో, శాన్‌డియాగోలో ఉన్నాయి. అటు వెళ్లే బంధువులుంటే దగ్గర్నుంచి చూడమనండి. ఇక్కడున్నవాళ్లు మ్యూజియం వెబ్‌సైట్లలో పెద్ద సైజు ఫొటోలు వెతుక్కోవచ్చు. కాపీరైట్ గడువు ఎప్పుడో తీరిపోయింది, దించుకుని నేర్చుకోవడానికి అడ్డులేదు.

మీరు గీస్తారని రాశారు కాబట్టి ఒక మాట. రంగుచిత్రం నకలు మొదలుపెట్టకండి. "అక్క"లో పడుకున్న పిల్లవాడి చెయ్యి ఒక్కటి తీసుకోండి. బొగ్గుతో, అసలు సైజుకంటే పెద్దగా గీయండి. ముందు బయటి గీత, తర్వాత నీడల అంచులు, మధ్య బూడిదరంగు చివర్న. అయ్యాక ఫొటో పెట్టండి, ఎక్కడ ఆగిపోయిందో చూసి చెప్తాను.